నర్సమ్మ మా ఇంట్లో నీళ్ళు తాగిన రోజు

మా నాయన కుడికాలి చీలమండ పైన రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉంటుంది. కాలిన తోలులా ముడతలు పడి ఉంటుంది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయి ఆయన కాళ్ళకు నూనె రాస్తూ, "తాతా, ఇదేంటి? బండి సైలెన్సర్ కాలిందా?" అని అడిగింది. ఆయన నవ్వి, "నారికురుపమ్మా" అన్నాడు.

ఆ మాట దానికి తెలియదు. ఇంటర్ చదువుతోంది, అయినా ఎప్పుడూ వినలేదు. నాకు గుండె ఒక్కసారి పట్టేసినట్టయింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ మాట వినపడని ఎండాకాలం లేదు. ఒక్క తరంలో ఆ పేరే పోయింది. ఎలా పోయిందో ఆ రాత్రి ఆరుబయట మంచాలేసుకుని పిల్లలకు చెప్పాను. చెప్తుంటే నాకే బోలెడు గుర్తొచ్చాయి. మరిచిపోక ముందే రాసి పెట్టుకుందామని ఇది.

మాది పాత కర్నూలు జిల్లాలో, డోన్ వైపు ఒక చిన్న పల్లె. ఊరికి పడమర దిగుడు బావి ఉండేది. పెద్ద పెద్ద రాతిపలకల మెట్లు, పక్కగోడ గూట్లో పసుపు కుంకుమలు పూసిన గంగమ్మ రాయి. ఆడవాళ్ళు కడవలు తీసుకుని మెట్లు దిగి, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, కడవ అటూ ఇటూ ఊపి ముంచుకునేవాళ్ళు. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు కిందికి పోయేవి, మెట్లు ఒక్కొక్కటే బయటపడేవి. ఎన్ని మెట్లు తేలాయన్నదే మాకు కరువు లెక్క. ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవో! పక్క ఊళ్ళవాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు. మా జేజికైతే, అంటే మా నాయనమ్మకు, ఆ బావి అంటే ప్రాణం.

సరిగ్గా ఆ నీళ్ళు అడుక్కు పోయే రోజుల్లోనే, ఉగాది దాటిన దగ్గర్నుంచి తొలకరి దాకా, ఊళ్ళో నారికురుపులు లేచేవి. ముందు ఒళ్ళంతా దురద, జ్వరం వచ్చినట్టు నలత. తర్వాత కాలి మీద ఒకచోట బొబ్బ. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు తట్టుకోలేక మనిషి కాలు తీసుకెళ్ళి నీళ్ళలో పెడతాడు. పెట్టగానే హాయిగా ఉంటుంది, బొబ్బ చితుకుతుంది. అందులోంచి తెల్లటి దారం కొస ఒకటి బయటికొస్తుంది. వింటికి కట్టే నారిలా ఉంటుంది. అది పురుగు. మూరెడు కాదు, రెండు మూరలు, ఇంచుమించు ఒక మీటరు దాకా ఉండేది. మనిషి ఒంట్లో ఏడాది పాటు పెరిగి, చర్మం తొలుచుకుని బయటికొచ్చే పురుగు.

దానికి మందు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. టీకా కూడా లేదు. చేయగలిగిందల్లా ఆ కొసను చీపురుపుల్లకో అగ్గిపుల్లకో చుట్టి, రోజుకు ఒకటి రెండు అంగుళాల చొప్పున మెల్లగా లాగడం. పుల్లను కాలికే ఆనించి గుడ్డతో కట్టేయాలి. మర్నాడు విప్పి, తడిపి, మళ్ళీ ఇంకో చుట్టు. అదృష్టం బాగుంటే మూడు నాలుగు వారాలకు మొత్తం వచ్చేస్తుంది. తొందరపడితే తెగుతుంది. తెగిందంటే మిగతా ముక్క లోపలే ఉండిపోయి కాలు గుమ్మడికాయలా వాచిపోతుంది.

మా నాయనకు 1983 ఎండాకాలంలో తెగింది.

అప్పటికి సగం వచ్చింది. పదిరోజులుగా అమ్మ పొద్దున్నే కూర్చుని పుల్ల తిప్పేది. ఇంతలో వాన పడింది. ఊరంతా విత్తే గొర్రులు కట్టి బుడ్డలు (వేరుశనగ) విత్తడానికి పోతున్నారు. మా నాయన మంచం మీద ఉండి ఆ ఎద్దుల గంటలు వింటున్నాడు. ఇక ఆగలేకపోయాడు. పక్క ఊళ్ళో ఒకాయన ఒక్క పూటలో తీసేస్తాడని ఎవరో చెప్తే బండి మీద వెళ్ళాడు. ఆయన లాగాడు, పుటుక్కుమంది. ఆ రాత్రి మా నాయన అరిచిన అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. చీము పట్టింది. మూడు నెలలు కాలు కింద పెట్టలేదు. ఆ ఏడు మా చేను బీడు పడింది. అమ్మ కూలికి పోయింది. ఇంట్లో నాయనను, మేకలను చూసుకోవడానికి మా అక్కను బడి మాన్పించారు. అప్పుడు అక్క ఐదో తరగతి. మళ్ళీ బడికి పోలేదు. ఇప్పటికీ బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది. నారికురుపు చంపే జబ్బు కాదని పుస్తకాల్లో రాస్తారు, నిజమే. కానీ అది మా ఇంట్లోంచి ఏం తీసుకుపోయిందో నాకు తెలుసు.

ఇక నర్సమ్మ సంగతి. ఆమెను ఊరంతా నర్సమ్మ అనే పిలిచేది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. గుంటూరు వైపు మనిషి. ఆరు కిలోమీటర్ల దూరంలోని ఆరోగ్య సబ్ సెంటర్లో ఏఎన్ఎం, అంటే ఊళ్ళు తిరిగి పురుళ్ళు పోసి, టీకాలు వేసే నర్సు. మా ఊరికి అప్పట్లో బస్సు లేదు. చేల గట్ల వెంబడి నడిచి వచ్చేది. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డ సంచి, ఒక చేతిలో టీకాల డబ్బా, ఇంకో చేతిలో మూత బిగించిన మరచెంబు. డబ్బాలో ఐసు ఉండేది. టీకాలు వేయడం అయ్యాక చిన్న ఐసు ముక్క చేతిలో పెడుతుందేమోనని ఆమె వెనకాలే తిరిగేవాళ్ళం. రేచీకటి రాకుండా పిల్లలకు ఆరునెలలకోసారి చెంచాతో విటమిన్ ఎ సిరప్ పోసేది. ఆ పథకానికి పునాది వేసిన పరిశోధన మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్)లోనే జరిగిందని పెద్దయ్యాక చదివి ఎంత సంతోషపడ్డానో. మా ఊళ్ళో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీదే పుట్టారు.

ఒక మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకుండా మిగతాది చెప్పలేను. నర్సమ్మది ఏ కులమో ఆమె వచ్చిన వారంలోనే ఊళ్ళో అందరూ అడిగి తెలుసుకున్నారు. పురుడు పోయడానికి లోపలికి పిలిచేవాళ్ళు, పని అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టేవాళ్ళు. మా ఇంట్లోనూ అంతే. ఆమె కోసం మా జేజి చూరులో ఒక సత్తు గ్లాసు విడిగా పెట్టింది.

1984లో మొదటిసారి నారికురుపుల లెక్క రాసుకోవడానికి వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. చెమటతో తడిసిపోయి అరుగు మీద కూర్చుంది. జేజి ఆ సత్తు గ్లాసులో నీళ్ళిచ్చింది. నర్సమ్మ గ్లాసు పట్టుకుని, ఎండకేసి చూసి, తాగకుండా పక్కన పెట్టింది. తన మరచెంబు మూత తిప్పి అందులోవి తాగింది.

జేజి ముఖం మాడిపోయింది. "ఏమ్మా, మా నీళ్ళు నీకు పనికిరావా?"

"పెద్దమ్మా, ఈ నీళ్ళే మీ అబ్బాయి కాలు తిన్నాయి" అంది నర్సమ్మ మెల్లగా.

జేజి ఇంకేం మాట్లాడలేదు. లోపలికెళ్ళి తలుపు దగ్గరకేసింది. తను నీళ్ళివ్వడమే గొప్ప అనుకుంటే, ఆమె వద్దనడం! సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది. ఆ తర్వాత చాలాకాలం నర్సమ్మకు మా ఇంట్లో నీళ్ళివ్వలేదు. ఆమె అడగనూ లేదు.

వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలోంచి గాజు గ్లాసు తీసింది. అక్కను పిలిచి మా కడవలోంచే నీళ్ళు పోయమంది. పోశాక గ్లాసును ఎండకు పట్టి, "ఇట్రా బాబూ, నీ కళ్ళు మంచివి కదా, ఏం కనిపిస్తోందో చెప్పు" అని నన్ను పిలిచింది. నాకు తొమ్మిదేళ్ళు. కన్ను గ్లాసుకు ఆనించి చూశాను. మొదట ఏమీ లేదు, తేట నీళ్ళు. కాసేపటికి నూకగింజలో పదోవంతు ఉండే తెల్లటి చుక్కలు కనపడ్డాయి. దుమ్మయితే నెమ్మదిగా కిందికి దిగాలి. ఇవి దిగడం లేదు. ఉన్నచోటే ఉండి, ఉన్నట్టుండి టక్కున ఎగిరి పక్కకు పోతున్నాయి. మళ్ళీ ఆగి, మళ్ళీ ఎగిరి.

"జేజీ, బతికుండాయి!" అని అరిచాను.

జేజి తలుపు చాటునుంచి వచ్చింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇన్నేండ్లు ఇవే తాగితిమా?" అని అక్కడే కూలబడింది.

అప్పుడు నర్సమ్మ చెప్పింది. ఆ చుక్కల్లాంటి జీవాల పేరు సైక్లాప్స్. వాటంతట అవి ఏమీ చేయవు. నారికురుపు లేచిన మనిషి బావిలో కాలు పెడితే, ఆ పురుగు కంటికి కనపడని పిల్లల్ని వేలకు వేలుగా నీళ్ళలో వదులుతుంది. వాటిని ఇవి తింటాయి. ఆ నీళ్ళు మనం తాగితే కడుపులో ఇవి చచ్చిపోతాయి, పురుగు పిల్లలు మాత్రం చావవు. ఒంట్లోకి పోయి ఏడాదికి మీటరు పురుగై కాల్లోంచి వస్తాయి.

మాకు అంతుపట్టనిది ఆ ఏడాదే. ఈరోజు తిన్నది రేపు పడకపోతే ఎవరికైనా తెలుస్తుంది. పోయినేడు తాగిన నీళ్ళకు ఈ ఏడు కాలు కాలుతుందంటే ఎవరు నమ్ముతారు? తాతల కాలం నుంచి అందరూ దాన్ని శాపమనో, రక్తం చెడిందనో అనుకున్నారు. వాతలు పెట్టారు, వేపాకు ముద్దలు కట్టారు, తాడు మంత్రించి కట్టుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. కారణానికీ కష్టానికీ మధ్య ఏడాది దూరం ఉన్నప్పుడు ఎంత తెలివైనవాడైనా కలిపి చూడలేడు.

కడవ మూతికి సన్నటి గుడ్డ కట్టి వడగడితే చాలు, ఇవి పైనే ఆగిపోతాయంది. మొదట్లో తెల్ల పంచె ముక్కను రెండు మడతలు వేసి కట్టేవాళ్ళం. తర్వాత జాలీ గుడ్డలు పంచారు. వాటితో ఒక చిక్కుంది. ఈసారి పైన ఉన్న వైపు వచ్చేసారి కిందికి వచ్చిందంటే, అంటుకున్నవన్నీ నేరుగా కడవలోకే పోతాయి. అందుకని నర్సమ్మ ప్రతి ఇంటి గుడ్డకూ ఒక మూల ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసింది. ఎర్రదారం పైకి ఉండాలి. చదువురాని మా జేజికి అంతకు మించిన పాఠం అక్కర్లేకపోయింది. పైవైపు ఆగినవాటిని బావి దగ్గర కాదు, ఎండిన నేల మీద విదిలించాలి. ఊరి మొత్తానికి ఎన్ని గుడ్డలో, ఎన్ని కుట్లో. అవన్నీ మా అరుగు మీద కూర్చునే కుట్టింది, నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాణ్ణి.

బావిలో మందు వేసే పని ఇంకొకాయనది. మలేరియా సారు అనేవాళ్ళం, అంతకుముందు ఆయన జ్వరాల లెక్కలకు వచ్చి గోడల మీద తారీఖులు రాసి పోయేవాడు కాబట్టి. బావి పొడవు, వెడల్పు, లోతు తాడుతో కొలిచి మెట్టు మీద బొగ్గుతో లెక్క వేశాడు. తాడు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆ సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ అనే మందు, లీటరు నీళ్ళకు ఒక మిల్లీగ్రాము చొప్పున. అంత కొంచెమైనా ఊళ్ళో పెద్ద గొడవయింది. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం జీపులొచ్చిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. "ఈ మందు తాగితే పిల్లలు పుట్టరంట" అని ఎవరో అన్నారు, అంతే. బావి చుట్టూ జనం నిలబడిపోయారు. సారు ఎంత చెప్పినా వినలేదు.

నర్సమ్మ మెట్ల మీదికి వచ్చింది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామెను చూపించి, "ఈ బిడ్డ అడ్డం తిరిగితే రెండు రాత్రులు కూర్చుని బయటికి తీసింది నేను కాదా? వాడు తాగే నీళ్ళలో నేను విషం పోయిస్తానా?" అంది. ఆ బిడ్డ తల్లి ముందు తప్పుకుంది. తర్వాత మిగతావాళ్ళు. ఆరోజు మందు పడింది. సర్కారు మీద నమ్మకంతో కాదు, ఆమె మీద నమ్మకంతో. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, ఊళ్ళకు పథకాలు తీసుకెళ్ళే ఎవరిని చూసినా ఇప్పుడు నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి.

అన్నిటికన్నా కష్టమైంది బావి మెట్లు మూయడం. మందు నెల నెలా వేయాలి, గుడ్డ రోజూ కట్టాలి, ఒక్కరు మరిచినా మళ్ళీ మొదటికే. మనిషి కాలు నీళ్ళకు తగలకుండా చేస్తేనే పని తీరుతుంది. అంటే దిగుడు బావిని చేదబావిగా మార్చాలి. గంగమ్మ ఊరుకోదని పెద్దలు అడ్డం పడ్డారు. నెలలు గడిచాయి. ఆ మాట తెంచింది మా జేజే. "గంగమ్మ ఎప్పుడన్నా నా కొడుకు కాలు కోరిందా? ఆయమ్మను పైకి తెచ్చుకుందాం, మెట్లు పూడ్చండి" అంది. 1986 మొదట్లో మెట్లకు అడ్డంగా గోడ కట్టి, చుట్టూ నడుమెత్తు వర ఎత్తి, గిలక బిగించారు. గూట్లోని గంగమ్మ రాయిని తెచ్చి వర పక్కన గద్దె మీద పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఊళ్ళోకి బోరింగు ఆ తర్వాత వచ్చింది.

"ఈ ఎండాకాలం కూడా కొందరికి లేస్తుంది, పోయినేడు తాగినవాళ్ళకు. గోడ కట్టినా రానే వచ్చిందని అనొద్దు. వచ్చే ఏడు చూడండి" అని నర్సమ్మ ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి పెట్టింది. ఆ మాట చెప్పకపోయి ఉంటే గోడ పగలగొట్టేవాళ్ళేమో. ఆమె అన్నట్టే ఆ ఏడు నలుగురికి లేచింది. నలుగురినీ బావి దగ్గరికి రానివ్వకుండా వాళ్ళ ఇళ్ళకు నీళ్ళు మేమే మోశాం. కట్లు కట్టడానికి ఆమె రోజు మార్చి రోజు నడిచి వచ్చింది, ఆ ఎండలో ఆరూ ఆరు పన్నెండు కిలోమీటర్లు.

మా ఊరిలాంటివి ఎన్నో. 1984లో దేశంలో 7 రాష్ట్రాలు, 89 జిల్లాల్లో 12 వేలకు పైగా గ్రామాల్లో దాదాపు 40 వేల మందికి నారికురుపు ఉందని లెక్క తేలింది. అన్ని ఊళ్ళలోనూ ఎవరో ఒకరు ఇలాగే నడిచి ఉంటారు. ఏడాదికి మూడుసార్లు ఇల్లిల్లూ వెతికేవాళ్ళు, పురుగు బొమ్మ ఉన్న కార్డు చూపించి "ఇది ఎవరికైనా ఉందా?" అని అడిగేవాళ్ళు. మన దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనపడింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. దాన్ని కత్తిరించి ఊరికి తీసుకెళ్ళి జేజికి చదివి వినిపించాను. "నర్సమ్మ పేరు రాసినారా?" అని అడిగింది. లేదన్నాను.

2024 డిసెంబర్ చివర్లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చనిపోయినప్పుడు టీవీలో ఈ జబ్బు గురించి కాసేపు మాట్లాడారు. 1986లో ప్రపంచంలో 35 లక్షల మందికి ఉండేది, 2024లో 15 మందికి మాత్రమే. ఈ జబ్బును తుడిచిపెట్టడానికి ఆయన స్థాపించిన కార్టర్ సెంటర్ ఆఫ్రికా దేశాల్లో చేసిన పని చాలా గొప్పది, ఆయనకు దండం. ఆయన మొదలుపెట్టడానికి రెండు మూడేళ్ళ ముందే మన దేశం ఈ పని మొదలుపెట్టిందని మాత్రం మా పిల్లలకు చెప్పాను. వాళ్ళకు తెలియాలి.

జేజి 2004లో పోయింది. పోయేదాకా గుడ్డ మానలేదు. కుళాయి నీళ్ళొచ్చినా, ఫిల్టర్ కొన్నా, బిందె మూతికి గుడ్డ ఉండాల్సిందే, మూలకు ఎర్రదారం ఉండాల్సిందే. నర్సమ్మకు మేము ఏడో తరగతిలో ఉండగానే బదిలీ అయింది. ఎక్కడ ఉందో కనుక్కుందామని ఉద్యోగం వచ్చాక ప్రయత్నించాను, దొరకలేదు.

నాకు ఆమె ఎప్పుడూ ఒకేలా గుర్తొస్తుంది. 1987, మే నెల. ఎండాకాలపు వెతుకులాటకు వచ్చింది. పొద్దున్నుంచి కార్డు పట్టుకుని ఊళ్ళో ఒక్క గడప వదలకుండా తిరిగింది. నేనూ వెంట తిరిగాను. ఎవరూ లేరు. మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, పుస్తకం తెరిచి, మా ఊరి పేరు ఎదురుగా పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టింది. సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత మరచెంబు కోసం చెయ్యి చాపింది. అది ఖాళీ.

జేజి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒక నిమిషం అలాగే నిలబడింది. తర్వాత వచ్చి నర్సమ్మ మణికట్టు పట్టుకుని, "ఎండలో ఏం కూచ్చుంటావు, లోపలికి రా" అని నడింట్లోకి తీసుకుపోయింది. పీట వాల్చింది. చూరులోని సత్తు గ్లాసు వైపు చూడను కూడా చూడలేదు. దేవుడి గూటి కింద ఉండే ఇత్తడి చెంబు, మా జేజినాయన తాగిన చెంబు, అది తీసి కడిగి, కడవ మీద గుడ్డ తొలగించి, నిండా ముంచి ఇచ్చింది.

నర్సమ్మ ఎండకు పట్టి చూడలేదు. రెండు చేతులతో అందుకుని, తలెత్తి, గుటకలు వినపడేలా చెంబెడు నీళ్ళూ ఒక్క దమ్మున తాగింది. కొన్ని మెడ మీదుగా జారి తెల్లచీర తడిసింది.

"ఇంకొంచెం పొయ్యనా?" అంది జేజి.

"పొయ్యండి పెద్దమ్మా."